ఆర్నో ఒడ్డున తోలుపని

ఫ్లారెన్స్ నగరంలో సాంతా క్రోచె చర్చి వెనక వియా దెల్లె కొంచె అని ఒక సన్నటి వీధి ఉంది. తోళ్ళు పదును చేసేవాళ్ళ గుంటలు ఉండిన చోటు. దానికి దగ్గరలోనే చర్మకారుల పేరుతో మరో సందు, నది వైపు వెళితే అద్దకంవాళ్ళ పేరుతో ఇంకో వీధి. ఈ రోజు అక్కడ తోలూ లేదు, అద్దకమూ లేదు. పైన కిటికీల్లో ఆరేసిన బట్టలు, కింద చిన్న చిన్న హోటళ్ళు. ఎనిమిది వందల ఏళ్ళ కిందట మాత్రం ఇది ఊరి గోడకు బయట ఉన్న బురద నేల. ఆర్నో నది పొంగితే మొదట మునిగేది ఇదే. నీళ్ళు ఎక్కువ కావలసిన పనులు, కంపు కొట్టే పనులు అన్నీ ఇక్కడికే చేరాయి. ఫ్రాన్సిస్కన్ సన్యాసులు కూడా పదమూడో శతాబ్దంలో ఈ పేటనే ఎంచుకుని మఠం కట్టుకున్నారు, పేదవాళ్ళు ఉండేది ఇక్కడే కనుక. మికెలాంజెలో, గెలీలియో, మాకియవెల్లి సమాధులు ఆ చర్చిలోనే ఉన్నాయి. యాత్రికులు వాటి కోసం వస్తారు. నేను ఆ చర్చి వెనకున్న గదుల్లో తోలు కోయడం, కుట్టడం నేర్చుకోవడానికి వెళ్ళాను.

మాది అనంతపురం జిల్లా. మా జేజినాయన కపిలబానలు కుట్టేవాడు. బావి గట్టు మీద నుంచి ఎద్దులు వాలులోకి దిగుతూ లాగితే నిండుగా పైకొచ్చే తోలు సంచి అది. దానికి కింద పొడవాటి తొండం. బాన గట్టుకు రాగానే తొండం వదులై నీళ్ళు కాలవలో పడేవి. ఒక్క కుట్టు జారినా సగం నీళ్ళు మళ్ళీ బావిలోకే. ఆయన కిర్రుచెప్పులు కూడా కుట్టేవాడు. వీటన్నిటికీ కూలి రోజు లెక్కన కాదు, పని లెక్కన కూడా కాదు. ఏడాదికోసారి కళ్ళంలో రైతు కొలిచి పోసే మేర, అంతే. మా నాయనను ఆరె పట్టనివ్వకుండా బడికి పంపింది కూడా జేజినాయనే. నాయన మాస్టరయ్యాడు. కరెంటు మోటార్లొచ్చి కపిల పోయింది. జేజినాయనతోపాటే ఆ పనీ వెళ్ళిపోయింది. చెన్నైలో బ్యాగుల తయారీలో ఉద్యోగం చేస్తూ నేను మళ్ళీ తోలు దగ్గరికి రావడానికి ఒక తరం పట్టింది. అందుకే ఫ్లారెన్స్‌లో నేను అందరినీ అడిగింది పనిముట్ల గురించి కంటే ఎక్కువగా ఈ పని ఇక్కడ ఎట్లా బతికింది, ఎవరు ఎవరికి నేర్పారు, కూలి ఎట్లా కట్టారు అనే.

మధ్యయుగపు ఫ్లారెన్స్‌లో వృత్తులన్నీ సంఘాలుగా కట్టుబడి ఉండేవి. పెద్ద సంఘాలు 7, చిన్నవి 14. ఉన్ని వ్యాపారులు, బ్యాంకర్లు, న్యాయవాదులు, వైద్యులు పెద్ద సంఘాల వాళ్ళు. ఖరీదైన బొచ్చుతోళ్ళ వ్యాపారులూ అందులోనే. చెప్పులు, బూట్లు కుట్టేవాళ్ళది ఒక చిన్న సంఘం. తోలు పదును చేసేవాళ్ళది మరొకటి. పట్టీలు, జీనులు చేసేవాళ్ళది ఇంకొకటి. 1293లో వచ్చిన న్యాయ శాసనాలతో నగర పాలనలో పదవి దక్కాలంటే ఏదో ఒక సంఘంలో పేరు ఉండి తీరాలన్న నియమం గట్టిపడింది. కవి దాంతే అంతటివాడు కూడా వైద్యుల, మందుల వ్యాపారుల సంఘంలో పేరు రాయించుకున్నాడు. పద్నాలుగో శతాబ్దం చివరికల్లా పదవుల్లో నాలుగో వంతు చిన్న సంఘాలకు కేటాయింపయింది. అంటే తోలు గుంటలో చేయి పెట్టే వృత్తివాడు నగరాన్ని ఏలే సభలో కూర్చోవడానికి దారి ఉంది. ఇది చదివినప్పుడు నేను పుస్తకం మూసి చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. మా ఊళ్ళో రచ్చకట్ట అరుగు మీద కూర్చునే హక్కు జేజినాయనకు లేదు.

అందరికీ న్యాయం జరిగిందని కాదు. ఉన్ని దువ్వే కూలీలకు సంఘమే ఉండేది కాదు. 1378లో వాళ్ళు తిరగబడి సంఘం సంపాదించుకున్నారు, కొద్ది వారాల్లోనే పోగొట్టుకున్నారు. సంఘం ఉన్న వృత్తుల్లో కూడా ఉస్తాదు కొడుక్కి ప్రవేశ రుసుము తక్కువ, బయటివాడికి ఎక్కువ. అయినా బయటివాడికి ప్రవేశం ఉంది. కుర్రవాడి తండ్రి ఉస్తాదుతో ఒప్పందం రాసుకుని, కొన్నేళ్ళ పాటు అతని కొట్లో పిల్లవాణ్ణి పెట్టేవాడు. తిండి, బస ఉస్తాదువి. పని నేర్చుకున్నవాడు రుసుము కట్టి సంఘంలో చేరితే ఏ ఇంట పుట్టాడన్నది అడ్డం కాదు.

ఊరి నడిబొడ్డున ఒర్సన్‌మికేలె అనే కట్టడం ఉంది. ధాన్యం అంగడిగా మొదలై చర్చిగా మారింది. దాని బయటి గోడల గూళ్ళలో సంఘాలు తమ తమ పునీతుల విగ్రహాలు నిలబెట్టాయి. చెప్పులు కుట్టేవాళ్ళు నిలబెట్టింది సెయింట్ ఫిలిప్ విగ్రహం. చెక్కినవాడు నాన్ని ది బాంకో, పదిహేనో శతాబ్దం తొలి ఏళ్ళలో. ఈ విగ్రహం గురించి వసారి తన శిల్పుల, చిత్రకారుల జీవితచరిత్రల్లో ఒక కథ చెప్తాడు. చెప్పుల సంఘం పెద్దలు మొదట అడిగింది శిల్పి దొనతెల్లోను. అతను చెప్పిన ధర ఎక్కువనిపించి నాన్నికి ఇచ్చారు. పని అయ్యాక నాన్ని అంతకంటే ఎక్కువ అడిగాడు. తగవు తీర్చమని పెద్దలు మళ్ళీ దొనతెల్లో దగ్గరికే వెళ్ళారు, పోటీవాడు కదా, తక్కువ కడతాడని. దొనతెల్లో నాన్ని అడిగినదానికంటే కూడా ఎక్కువ కట్టాడు. మీరు అడిగినప్పుడు తక్కువే చెప్పారు కదా అని వాళ్ళు నిలదీస్తే, నాన్ని నా అంత పనివాడు కాడు, కనుక ఈ బొమ్మకు నాకంటే ఎక్కువ శ్రమపడ్డాడు, అతనికి పట్టిన కాలానికి మీరు డబ్బివ్వాలి అన్నాడట. వసారి చెప్పినవన్నీ జరిగినవేనని చరిత్రకారులు నమ్మరు. నాకు ఈ కథలో విలువైనది, చెప్పులు కుట్టేవాళ్ళు దొనతెల్లోతో బేరమాడే స్థితిలో ఉండటం. చేతిపనికి పట్టిన గంటలు బేరంలో మాటగా రావడం మరీ విలువైనది.

ఇక గుంటల దగ్గరికి వద్దాం. తోలుపని చరిత్ర రాసేవాళ్ళు చాలామంది సంచులు, బూట్ల దగ్గరే ఆగిపోతారు. పచ్చి చర్మం తోలు కావడం వేరే పని, కష్టమంతా అందులోనే ఉంది. ముందు చర్మాన్ని ఉప్పు, రక్తం పోయేలా నీళ్ళలో నానబెట్టాలి. సున్నపు నీళ్ళలో వేస్తే వెంట్రుకలు వదులవుతాయి. వంపు దుంగ మీద పరిచి రెండు చేతుల కత్తితో ఒక వైపు వెంట్రుకలు, మరో వైపు కండ గీకేస్తారు. సున్నం విరిగి చర్మం మెత్తబడటానికి కుక్క మలం, పావురాల రెట్ట కలిపిన గోరువెచ్చటి నీళ్ళలో వేసేవాళ్ళు. యూరప్ అంతా అదే పద్ధతి. 1900ల తొలి దశకంలో జర్మనీలో ఓటో రోమ్ ఆ రెట్టలో పనిచేసేది ఎంజైములని పట్టుకుని, వాటితో మందు తయారుచేసేదాకా మారలేదు. ఆ తర్వాత ఓక్ చెట్టు బెరడు, సుమాక్ ఆకు వంటి వగరు సరుకు వేసిన గుంటల్లో, పలచటి రసం నుంచి చిక్కటి రసంలోకి మారుస్తూ నెలల తరబడి ఉంచేవాళ్ళు. తొందరపడి మొదటే చిక్కటి రసంలో వేస్తే పైపొర బిగుసుకుపోయి లోపలికి ఎక్కదు. కోసి చూస్తే మధ్యలో తెల్లటి పచ్చి గీత కనిపిస్తుంది. అట్లాంటి తోలు వంచితే విరుగుతుంది.

ఈ పనిని ఊరు గౌరవించినా, దాని వాసనను ఊరిపెద్దలు భరించలేదు. పోంతె వెక్కియో వంతెన మీద మాంసం కొట్లు ఉండేవి, చెత్తంతా నేరుగా నదిలోకి. 1565లో వసారి ఆ వంతెన మీదుగా, నగరాన్ని ఏలే మెదిచీ కుటుంబం నడవడానికి పైవసారా కట్టాడు. 1593లో మొదటి ఫెర్దినాందో ప్రభువు మాంసం కొట్లను వెళ్ళగొట్టి కంసాలులను తెచ్చి పెట్టాడు. ఈ రోజు ఫొటోల్లో కనిపించే బంగారు దుకాణాల వరస అట్లా వచ్చింది. 1770లో అప్పటి ప్రభువు పియెత్రో లెయొపోల్దో పాత వృత్తి సంఘాలనే రద్దు చేశాడు. పంతొమ్మిదో శతాబ్దంలో పదును పని నదీ దిగువకు, ఫ్లారెన్స్‌కూ పీసాకూ మధ్యనున్న సాంతా క్రోచె సుల్లార్నో, పోంతె ఆ ఎగోలా ఊళ్ళ వైపు పెరిగింది. ఇప్పటికీ ఫ్లారెన్స్ ఉన్న టస్కనీ ప్రాంతపు తోలు అంటే అక్కడిదే. కంపు దిగువ ఊళ్ళకు, కుట్టు ఫ్లారెన్స్‌కు. ఆ దిగువ ఊళ్ళకూ నగరానికీ మధ్య తేడా నాకు బాగా తెలిసిన తేడానే.

అక్కడి ఒక టానరీకి మమ్మల్ని తీసుకెళ్ళారు. పాత గుంటలు కొన్ని ఉన్నాయి గాని, పనంతా తిరిగే పెద్ద కొయ్య పీపాల్లో జరుగుతోంది. లోపల చెస్ట్‌నట్ కలప రసం, మిమోసా బెరడు రసం, దక్షిణ అమెరికా నుంచి వచ్చే కెబ్రాచో చెక్క రసం. నెల పైచిలుకు పడుతుంది. 1884లో అమెరికాలో ఆగస్టస్ షుల్ట్జ్ పేటెంటు తీసుకున్న తర్వాత వ్యాపించిన క్రోమ్ పద్ధతిలో అదే పని ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. ప్రపంచంలో తోలు ఎక్కువ భాగం క్రోమ్‌దే. దీన్ని తట్టుకోవడానికే చెట్టు రసాలతో పదును చేసే టస్కనీ టానరీలు కొన్ని 1994లో ఒక సంఘంగా ఏర్పడి తమ తోలుకు ముద్ర పెట్టుకున్నాయి. పీపాల దగ్గర పనిచేస్తున్నవాళ్ళలో సెనెగల్ మనుషులు ఉన్నారు, అల్బేనియా వాళ్ళు ఉన్నారు. ఇటాలియన్ చేతిపని అని మనం కొనే సంచిలో వీళ్ళ చేతులూ ఉన్నాయి. ఆ మాట ఎక్కడా రాసి ఉండదు గనుక ఇక్కడ రాస్తున్నాను.

ఫ్లారెన్స్ సంచులు, బూట్ల పేరు ప్రపంచానికి పాకింది ఇరవయ్యో శతాబ్దంలోనే. గుచ్చో గుచ్చి 1921లో కొట్టు పెట్టాడు. హాలీవుడ్‌లో బూట్లు కుట్టిన సాల్వతోరె ఫెర్రగామో 1927లో ఇక్కడికి వచ్చేశాడు. ఇథియోపియా మీద దాడి చేసినందుకు 1935లో ఇటలీ మీద ఆంక్షలు పడి సరుకు కరువైతే బెండు చెక్కతో మడమలు చేశాడు. వీళ్ళ కథలు అందరూ రాశారు. నాకు కావలసిన కథ యుద్ధం తర్వాతది.

1944 ఆగస్టులో వెనక్కి పోతున్న జర్మన్ సైన్యం పోంతె వెక్కియో తప్ప ఫ్లారెన్స్ వంతెనలన్నీ పేల్చేసింది. ఊరు నిండా అనాథ పిల్లలు. సాంతా క్రోచె సన్యాసులు, తోలుపనివాళ్ళయిన గోరి, కసీని కుటుంబాలతో కలిసి ఆ పిల్లలకు ఒక చేతిపని నేర్పాలని తలపెట్టారు. 1950లో మఠంలో ఒకప్పుడు కొత్త సన్యాసులు పడుకునే పొడవాటి వసారాలో బడి తెరిచారు. అది మెదిచీల సొమ్ముతో పదిహేనో శతాబ్దంలో కట్టిన భాగం. పేరు స్క్వోలా దెల్ క్వోయో. ఉస్తాదు మార్చెల్లో గోరి. పిల్లలకు ముందు నేర్పింది కుట్టు కాదు, తోళ్ళ రకాలు పోల్చుకోవడం. తర్వాత కోత, ఆ తర్వాత బంగారు ముద్రలు. తోలుపని తెలియని ఇళ్ళ పిల్లలకు, తల్లీ తండ్రీ లేని పిల్లలకు, వందల ఏళ్ళ నాటి పనిని ఒక వరసలో పెట్టి అందించిన చోటు అది. ఇప్పుడు అక్కడ బల్లల ముందు కూర్చునేది దేశదేశాల నుంచి ఫీజు కట్టి వచ్చిన నాబోటివాళ్ళు. అయినా నేర్పే వరస మారలేదు.

మాకు నేర్పిన ఆవిడ మొదటి వారమంతా కత్తి ఒక్కటే పట్టించింది. అంచు పలచన చేయడం. తోలును చలువరాయి పలక మీద బోర్లా పరిచి, కత్తిని దాదాపు పడుకోబెట్టి, అంచు దగ్గర ఉల్లిపొర మందానికి వచ్చేలా గీకాలి. మడిచి కుట్టినప్పుడు ఆ అంచు లావుగా తేలకూడదు. తర్వాత కుట్టు. మోకాళ్ళ మధ్య కొయ్య బిగింపు పెట్టుకుని, అందులో తోలు నిలబెట్టి, ఆరెతో ఏటవాలుగా రంధ్రం చేయాలి. తేనె మైనం రాసిన ఒకే నార దారం, రెండు కొసల్లో రెండు సూదులు. రెండూ అదే రంధ్రంలోంచి ఎదురెదురుగా దూరతాయి. మెషిన్ కుట్టులో పై దారం, కింద దారం ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి, ఒకటి తెగితే వరసంతా ఊడుతుంది. ఇందులో ఒక చోట తెగినా పక్క కుట్లు బిగువుగానే ఉంటాయి. రెండు చేతులూ పక్కకు చాచి దారం లాగడం చూసి ఆవిడ, ఇంతకుముందు ఎక్కడ నేర్చుకున్నావని అడిగింది. నేర్చుకోలేదు, చూశాను. బాన కుట్టేటప్పుడు జేజినాయన తోలు వారు రెండు కొసలనూ అట్లాగే ఎదురెదురుగా దూర్చి, చేతులు బార చాచి లాగేవాడు.

బంగారు ముద్ర వేయడం ఒక్కటే పూర్తిగా ఆ ఊరి విద్య అనిపించింది. గుడ్డు తెల్లసొన గిలకొట్టి, నురుగు తీసి, తేరిన నీళ్ళు తోలు మీద పలచగా పూస్తారు. ఆరాక 22 క్యారట్ల బంగారు రేకు పరుస్తారు. ఊపిరి గట్టిగా వదిలినా ఎగిరిపోయేంత పలచన. ఇత్తడి అచ్చును మంట మీద కాచి, తడి స్పాంజికి ఒకసారి తాకిస్తారు. చుయ్ మన్న శబ్దం ఎంతసేపు ఉంటుందో విని వేడి అంచనా కడతారు. ఎక్కువైతే తోలు మాడుతుంది, తక్కువైతే బంగారం అంటదు. అచ్చు నిలువుగా దించి, కొద్దిగా అటూ ఇటూ ఒత్తి తీయాలి. మిగతా రేకు మెత్తటి గుడ్డతో తుడిస్తే పోతుంది, అచ్చు పడ్డ చోట మాత్రం నిలుస్తుంది. ఆ తుడిచే గుడ్డలను పారేయరు. వాటిలో చిక్కుకున్న బంగారాన్ని మళ్ళీ తీస్తారు.

1966 నవంబరు 4న ఆర్నో పొంగింది. 1333లో కూడా పెద్ద వరద సరిగ్గా అదే తేదీన వచ్చింది. సాంతా క్రోచె పేటలో నీళ్ళు కొన్నిచోట్ల 15 అడుగులు దాటాయి. ఇళ్ళలో వేడి కోసం నిల్వ చేసిన నూనె, తొట్లు పగిలి బురదతో కలిసింది. సాంతా క్రోచెలో ఉన్న, చిత్రకారుడు చిమాబూయె వేసిన శిలువ చిత్రం రంగు సగానికి పైగా కొట్టుకుపోయింది. పక్కనే నది ఒడ్డున ఉన్న జాతీయ గ్రంథాలయంలో లక్షలాది పుస్తకాలు మునిగాయి. వాటిని బాగుచేయడానికి దేశదేశాల బైండర్లు వచ్చారు. వచ్చినవాళ్ళలో క్రిస్టఫర్ క్లార్క్‌సన్ అనే ఇంగ్లీషాయన ఒక సంగతి గమనించాడు. జిగురుతో అట్టలకు అంటించిన భారీ తోలు బైండింగులు చాలా పాడయ్యాయి. జిగురు లేకుండా పార్చ్‌మెంట్ అట్టను దారాలతో, వారులతో పుస్తకానికి కట్టిన సాదా బైండింగులు వరదను బాగా తట్టుకున్నాయి. ఆ పరిశీలన నుంచి పుస్తకాల సంరక్షణలో పద్ధతులే మారాయి.

పార్చ్‌మెంట్ అంటే పదును చేయని చర్మం. సున్నంలో నానబెట్టి, గీకి, చట్రానికి బిగించి ఆరబెట్టిందే. ఒకప్పుడు మా జిల్లాలోనే ఉండిన నిమ్మలకుంటలో తోలుబొమ్మలకు మేక తోలును పదును చేయకుండా ఆరబెట్టినప్పుడు వెలుతురు దూరేలా వస్తుంది చూడండి, అదే రకం సరుకు. నిమ్మలకుంట వాళ్ళు ఇప్పుడు దానితో దీపాల షేడ్లు కూడా చేస్తున్నారు. ఆంధ్ర తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు ఉంది.

పదును తోలు కథ వేరు. మా దగ్గర లంద తొట్టిలో వేసేది తంగేడు చెక్క, కరక్కాయ. తంగేడు పువ్వు బతుకమ్మలో పేర్చేది, తెలంగాణకు రాష్ట్ర పుష్పం. దాని బెరడుతో పదును చేసిన తోలు ఈస్ట్ ఇండియా తోలు పేరుతో మద్రాసు రేవు నుంచి లండన్‌కు ఓడలకెక్కింది. ఇంగ్లండులో బూట్ల లోపలి పొరలకు, పుస్తకాల బైండింగుకు వాడారు. చెట్లు తగ్గి, విదేశీ మిమోసా రసం వచ్చాక తంగేడు వాడకం పడిపోయింది. పీసా దగ్గర నేను చూసిన పీపాలో ఉన్నదీ, నేడు తమిళనాడు టానరీల్లో ఉన్నదీ ఒకే మిమోసా.

ఈ పనికి మన వైపు బడి లేకపోలేదు. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ వెలిసింది. 1958 నుంచి దాని డైరెక్టరుగా ఉన్నది తెనాలి దగ్గరి యలవర్రులో రైతు కుటుంబంలో పుట్టిన యలవర్తి నాయుడమ్మ. తోలు ముట్టుకుంటేనే మైల అన్న సమాజంలో ఆయన ఆ పనిని జీవితకాలపు శాస్త్రంగా చేసుకున్నాడు. 1985 జూన్ 23న కనిష్క విమాన దుర్ఘటనలో పోయాడు. శాస్త్రానికి ఆయన సంపాదించిన గౌరవం బాన కుట్టే చేతికి చేరలేదు. చేరి ఉంటే జేజినాయన తన కొడుకు చేతిలోంచి ఆరె లాక్కునేవాడా? ఆయన చేసింది తప్పని నేను ఒక్కనాడూ అనుకోలేదు. మేర కోసం, ఊరి బయట కాపురం కోసం ఏ బిడ్డా ఆ పని చేయనక్కరలేదు. కాని కుట్టులో ఏ మచ్చా లేదు. అది పోవలసిన అవసరం లేదు, అయినా పోయింది.

ఇప్పుడు నేను ఈరోడ్ నుంచి ఈస్ట్ ఇండియా తోలు తెప్పించుకుంటున్నాను. టస్కనీ తోలంత మైనం దానిలో ఉండదు, అంచు రుద్దితే మెరుపు కొంచెం ఆలస్యంగా వస్తుంది. ఆవు తోలు కంటే మేక తోలు మీద బంగారం బాగా పడుతోంది. అనంతపురంలో మా ఇంటి మిద్దె మీద రేకుల షెడ్డులో నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళు ఉన్నారు. ఒకమ్మాయి ధర్మవరం మగ్గాల ఇంటి పిల్ల, ఒకతను ఆటో నడిపేవాడు, ఒకావిడ రిటైరైన నర్సు. వాళ్ళకూ మొదటి వారమంతా కత్తే ఇస్తున్నాను. అమ్మే ప్రతి సంచికీ ఎన్ని గంటలు పట్టిందో చీటీ మీద రాసి, గంటకు ఇంతని కూలి వేసి, తోలు ధర వేరేగా కలుపుతున్నాం. కొనేవాళ్ళు కొందరు ఆ చీటీ చూసి బేరమాడతారు. తోలు ధర దగ్గర తగ్గిస్తాం, గంటల దగ్గర తగ్గించం.